ఇల్లాలి చేతికి ఆయుధము

భర్త తన భార్య చేతికి తుపాకి నీయగోరుటయు, ఆమె దానిని పుచ్చుకొన నిరాకరించుటయు, ఆ నిరాకరణమును తొలగించుటకు ఆతడు ప్రేమతోనే పూనుకొనుటయు అమెరికా సంయుక్త రాష్ట్రములలో నేడు అనేక గృహములందు జరుగుచున్న విషయము. ఆ గృహములలో మన తెలుగువారివియు కొన్ని కలవు. పైకి చూడ ఇది జాగ్రత్తకు సంబంధించిన మాటవలె తోచును. ఏ పిస్తోలు కొనవలెను, దాని నెచ్చట దాచవలెను, గురి యెట్లు నేర్వవలెను అను ప్రశ్నలతో ముగిసిపోవునట్లు కనబడును. కాని ఆ యిల్లాలు "నాకు వద్దండీ" అన్న క్షణముననే అది ధర్మప్రశ్న యగుచున్నది. ఆ వస్తువుతోపాటు వచ్చు ఒక సంకల్పమును ఆమె వద్దనుచున్నది. ఒకరి సంకల్పమును మరియొకరు, అందును జీవితమంతయు కలిసి నడువ బాస చేసినవారు, ఎంతవరకు ప్రేరేపింపవచ్చునన్నదే నేనిచట విచారింపదలచినది.

ఆ దేశమున ఆయుధధారణము సామాన్యపౌరుని హక్కు. 1791లో రాజ్యాంగమునకు చేర్చిన రెండవ సవరణ దానికి మూలము. ఆ హక్కు వ్యక్తికి తన యింటిలో ఆత్మరక్షణము నిమిత్తము కలదని అక్కడి సుప్రీంకోర్టు 2008లోను, ఇల్లు దాటి వీథిలోనికి పోవునపుడును కలదని 2022లోను తీర్పు చెప్పినది. మనవారు విశేషముగా స్థిరపడిన టెక్సాస్ రాష్ట్రమున 2021 సెప్టెంబరు 1 నుండి, 21 సంవత్సరములు నిండి, చట్టముచేత నిషిద్ధులు కానివారు లైసెన్సు లేకయే పిస్తోలు ధరించి తిరుగవచ్చును. అయితే హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై నున్నవారు తుపాకి కలిగియుండుటను, వేటలైసెన్సు వంటి కొలది మినహాయింపులు తప్ప, అక్కడి కేంద్రచట్టము నిషేధించుచున్నది. కావున మన కుటుంబములలో ఈ ప్రస్తావన సామాన్యముగా గ్రీన్‌కార్డు వచ్చిన పిమ్మటనే తలయెత్తును. అప్పటికి ఇల్లు కొనియుందురు, పిల్లలు బడికి పోవుచుందురు, భార్య ఆసుపత్రిలో రాత్రివిధులు ముగించుకొని ఒంటరిగా కారు నడుపుకొని వచ్చుచుండును.

ఆ భర్త భయమును నేను చులకన చేయజాలను. 2017లో కాన్సస్ రాష్ట్రమున ఒక తెలుగు ఇంజనీరు జాతిద్వేషమునకు గురియై తుపాకిగుండుతో ప్రాణము గోల్పోయినప్పుడు, ఆ వార్త విని ఆ రాత్రి నిదుర పట్టనివారు సముద్రమున కీవలనే యెందరో కలరు. ఆ దేశముననే కాపురముండువారి మాట చెప్పనేల? తాను లేనివేళ భార్యకు ఆపద వచ్చునేమో యను చింత ప్రేమకు పుట్టినది. ఆ చింత ఆతనిని ఆయుధపు దుకాణమునకు నడిపించినచో, ఆతడు హింసాప్రియుడని తీర్పు చెప్పుట అన్యాయము. నా సందేహమంతయు తరువాతి మెట్టున నున్నది.

ఆతడు భార్యను అడుగుచున్నదానిలో ఏమి యిమిడియున్నదో ఆతనికి పూర్తిగా తెలిసియున్నదా? తుపాకిశిక్షణములో మొదట బోధించు నియమములలో ఒకటి, నాశనము చేయుటకు సిద్ధపడని దేనివైపును గొట్టము త్రిప్పరాదనునది. గురి నేర్చుటకు ఎదుట వ్రేలాడదీయు కాగితముమీద పలుచోట్ల మనుష్యాకారమే చిత్రింపబడియుండును. గురి పెట్టవలసిన తావు రొమ్ము నడుమ. బెదరించుట కొరకు మాత్రమే తీయరాదనియు, తీసినచో కాల్చుటకు సిద్ధపడియే తీయవలెననియు శిక్షకులు చెప్పుదురు. ఇందు క్రౌర్యమేమియు లేదు. ఆ సాధనము స్వభావమే అట్టిది. కనుక పిస్తోలును చేతిసంచిలో నుంచుకొని బయలుదేరు స్త్రీ, అవసరమైనచో నేనొక మనుష్యుని చంపుదును అను నిర్ణయమును ముందుగానే చేసికొని బయలుదేరుచున్నది. ఆమె జీవితకాలమున ఆ యవసరము రాకపోవచ్చును, బహుశః రాదు. అయినను ఆ నిర్ణయము ఆమె మనస్సున దినదినము నివసించును. తలుపునకు రెండవ గడియ బిగించుట, వాకిట దీపము పెట్టించుట ఇట్టివి కావు. వాటికి ఆమె మనసార ఒప్పుకొనకున్నను ఆమె అంతరాత్మకు భంగము లేదు.

ఈ విషయముపై దంపతుల నడుమ జరిగిన సంభాషణ మొకటి మన ఆదికావ్యముననే కలదు. రామాయణము ఇంటింట వినబడు ఈ దేశమున దానిని తలచుకొనువారు అరుదుగా నుండుట నాకు వింతగా తోచును. అరణ్యకాండమున తొమ్మిదవ సర్గ. రాక్షసుల బారినుండి కాపాడుదునని దండకారణ్యమునందలి మునులకు రాముడు మాట యిచ్చియున్నాడు. సుతీక్ష్ణుని ఆశ్రమమున రాత్రి గడపి, ధనుస్సులు ధరించి అన్నదమ్ములిద్దరును సాగుచున్న వేళ, సీత భర్తతో మెల్లగా ప్రసంగము మొదలుపెట్టెను. కామమువలన పుట్టు వ్యసనములు మూడు: అసత్యమాడుట, పరదారాభిలాష, వైరము లేకయే హింసించుట. మొదటి రెండును నీయందు లేవు, ఉండబోవు. మూడవది మాత్రము నిన్ను సమీపించుచున్నదని నాకు భయము కలుగుచున్నదని ఆమె పలుకుల సారము. దాని వెంబడి ఆమె ఒక కథ చెప్పెను.

పూర్వము ఒక పుణ్యారణ్యమున సత్యవంతుడైన తాపసు డుండెను. ఆతని తపస్సునకు విఘ్నము కలిగింపగోరి ఇంద్రుడు భటుని వేషమున వచ్చి, ఒక ఖడ్గమును ఆతని యొద్ద న్యాసముగా నుంచి పోయెను. అప్సరసలు రాలేదు, రాక్షసులు రాలేదు. ఒక కత్తి వచ్చినది, అదియు పరులది, అదియు జాగ్రత్తచేయుటకు. తాపసుడు నమ్మకద్రోహము చేయనివాడు గనుక ఆ న్యాసమును కాపాడుటకై ఎక్కడికి పోయినను దానిని వెంట గొనిపోవుచుండెను. కందమూలములు త్రవ్వుకొన పోయినను, ఫలములు కోసికొన పోయినను అది ఆతని చేతనే యుండెను. నిత్యము చేత నున్నందున క్రమముగా ఆతని బుద్ధి మారినది. తపోనిష్ఠ సడలినది, రౌద్రము ప్రవేశించినది, ప్రమత్తుడై అధర్మమునకు లోబడి తుదకు నరకమునకు పోయెను. శస్త్రసంయోగము అగ్నిసంయోగము వంటిదని సీత ఈ కథకు తాత్పర్యము చెప్పెను. ఆ తాపసుడు చెడ్డవాడగుటచేత చెడలేదు. ఆతడు ఆయుధమును మోయుటకు కారణము ధర్మబుద్ధియే. ఇందలి సూక్ష్మము నన్ను ఎప్పుడును విడువదు. మంచి కారణమునకు మోసినను మోయుట మోయుటయే. అది మోయువానిని మార్చును.

సీత తన మాటను ఆజ్ఞగా చెప్పలేదు. స్నేహముచేతను గౌరవముచేతను జ్ఞాపకము చేయుచున్నానే గాని నేర్పుట లేదని ఆమెయే పలికెను. అన్నదమ్ములిద్దరును ఆలోచించి మీకు తోచినట్లు చేయుడని నిర్ణయమును వారికే విడిచెను. రాముని ఉత్తరమును అంత గొప్పది. ఆతడు కోపింపలేదు, స్త్రీవాక్యమని తోసివేయలేదు. ఆర్తుల మొర వినబడకుండుటకే క్షత్రియులు విల్లు ధరింతురనియు, శరణన్న మునులకు మాట యిచ్చితిననియు, ప్రాణమునైనను విడుతును గాని ప్రతిజ్ఞ విడువననియు చెప్పి, పిమ్మట ఒక్క మాట చేర్చెను: ఇష్టుడు కానివానికి ఎవరును హితము బోధింపరు గనుక నీ మాటకు సంతోషించితినని. భార్య మాటను అంగీకరింపకయే ఆ మాట వెనుకనున్న ప్రేమను స్వీకరించిన భర్త అతడు. ఆ మీదట రాముడు ముందును, సీత నడుమను, విల్లు చేతబట్టిన లక్ష్మణుడు వెనుకను నడిచిరని కవి తరువాతి సర్గ నారంభించెను. నీకును ఒక చిన్న విల్లు ఇత్తునని రాముడు అనలేదు. ఆయుధమును ధరించుటకు తన కారణము తాను చెప్పెను. ఆమె ధరింపకుండుటకు ఆమె కారణమును ఆమెకే విడిచెను.

అయితే ఆ సీతయే కొంత కాలమునకు పంచవటిలో నిరాయుధయై చిక్కినది గదా, ఆమె బోధను ఆమె గతియే ఖండింపలేదా యని అడుగువారుందురు. అడుగదగిన ప్రశ్నయే. కాని ఆ కథను మరల సావధానముగా చదువవలెను. ఆ కుటుంబమున ఆయుధములకు కొరత లేదు. లోకమున వారిని మించిన విలుకాండ్రు లేరు. మొదట బంగారులేడి మోహము ఒకరిని దూరము చేసినది; కపటమైన ఆర్తనాదము రెండవవానిని దూరము చేసినది; యతివేషము తలుపు తెరిపించినది. కాపలా తప్పినది బుద్ధియందు. అడ్డుపడినవాడు వృద్ధుడైన జటాయువు. ఆతనికి రెక్కలు, గోళ్లు, ముక్కు తప్ప ఆయుధము లేదు. ఒక చేతికత్తి సీత యొద్ద నుండినచో రావణుడు వెనుదిరిగియుండునని నమ్ముటకు నాకేమియు ఆధారము కనబడుట లేదు. లోకమునందలి ఆపదలలో అధికభాగము ఇట్టివే. పరిచితుల ముఖముతోనో, జాలిగొలుపు వేషముతోనో ప్రవేశించునవి. అయినను ఆయుధము ఎన్నడును రక్షింపదని చెప్పుట అసత్యము. రక్షించిన సందర్భములు కలవు. నిరాకరించు ఇల్లాలు ఆ సంగతి తెలిసియే నిరాకరింపవలెను. తెలియక నిరాకరించుటలో ధర్మము తక్కువ.

భర్త చెప్పు కారణములలో బలీయమైనది మరియొకటి కలదు: నీకొరకు కాదు, బిడ్డలకొరకు ధరింపుము. ఈ మాట ముందు నేను తల వంచుదును. తన ప్రాణమును తాను తృణీకరించుట తపస్సు కావచ్చును; ఒడిలోని బిడ్డ ప్రాణమును తృణీకరించుటకు తల్లికి అధికారము లేదు. అహింసకు ఆచార్యుడైన గాంధిమహాత్ముడే, 1908లో దక్షిణాఫ్రికాలో తనపై ప్రాణాంతకమైన దాడి జరిగినప్పుడు తానుండినచో ఏమి చేయవలసినదని పెద్దకుమారుడు అడుగగా, బలప్రయోగముచేతనైనను తండ్రిని కాపాడుట నీ ధర్మమై యుండెడిదని చెప్పినట్లు 1920లో వ్రాసెను. పిరికితనముకంటె హింసయే మేలని ఆయన భావము. కాని ఆ వాక్యములోని కొలబద్ద పిరికితనము. నిరాకరించు స్త్రీ పిరికిదా, కాదా యనునది భర్త నిర్ణయింపగలిగినది కాదు. టెక్సాస్‌లో నర్సుగా పనిచేయు ఒక చెల్లెలు నాతో ఒకమారు అన్నది: "అన్నయ్యగారూ, ఆ క్షణంలో నా చెయ్యి ఆగిపోతుందని కాదు నా భయం. ఆగకుండా పోతుందేమోనని." ఆ మాటలో పిరికితనము నాకు కనబడలేదు.

ఆ దేశపు క్రైస్తవులును ఈ చిక్కును ఎరుగుదురు. కత్తి లేనివాడు పైవస్త్రమును అమ్మియైనను కొనుక్కొనవలెనని ఏసుక్రీస్తు కడపటి రాత్రి శిష్యులతో చెప్పినట్లు లూకా సువార్తలో నున్నది. తుపాకిని సమర్థించువారు ఈ మాటను తరచు స్మరింతురు. ఆ రాత్రియే శిష్యు డొకడు కత్తి దూసి ఒకని చెవి నరుకగా, క్రీస్తు వారించి ఆ చెవిని ముట్టి బాగుచేసెనని అదే అధ్యాయమున నున్నది. సెయింట్ అగస్టీను సైనికుడో రాజోద్యోగియో కానివాడు తన ప్రాణమునకై పరుని చంపుటను ఒప్పుకొనలేదు. పదుమూడవ శతాబ్దిలో తామస్ అక్వినాసు, ఆత్మరక్షణమే ఉద్దేశమై, ప్రయోగించిన బలము మితమైనచో, దానివలన మరణము సంభవించినను దోషము లేదని సమాధానపరచెను. క్వేకర్లు, మెన్నొనైట్లు మొదలగువారు ఆయుధమునే త్యజించిరి. ఒకే గ్రంథమును నమ్మినవారు ఇన్ని త్రోవల చీలినపుడు, ఒకే కప్పు క్రింద నున్న ఇద్దరు రెండు త్రోవల నుండుట తప్పుగా ఎంచరాదు.

మన స్మృతులలోను ఈ ద్వంద్వము కలదు. మీదికి దుమికివచ్చు ఆతతాయిని, వాడు గురువైనను వృద్ధుడైనను, విచారింపక చంపవచ్చునని మనువు చెప్పెను. ఈ ఆతతాయులను చంపినను మనకు పాపమే వచ్చునని అర్జునుడు గీత ప్రథమాధ్యాయమున వాపోయెను. ఆయుధము వద్దన్నవానిని ఒప్పించు గ్రంథములలో భగవద్గీతను మించినది లేదు గనుక, తన భార్యను ఒప్పింపగోరు భర్త దానిని ప్రమాణముగా చూపవచ్చును. అయితే అతడు రెండు సంగతులు మరువరాదు. అర్జునుడు పుట్టినది మొదలు ధనుర్విద్యలో పెరిగినవాడు. ఆతని నిరాకరణము ఎదుట బంధువులను చూచి కలిగిన విషాదము. పదునైదేండ్లుగా ఇతరుల గాయములకు కట్లు కట్టి నెత్తురు ఆపిన చేతుల స్వధర్మము వేరు. రెండవది, అన్ని యోగములును ఉపదేశించిన పిమ్మట కృష్ణుడు, దీనినంతయు విమర్శించి నీ యిచ్చ వచ్చినట్లు చేయుమని పదునెనిమిదవ అధ్యాయమున పలికెను. భగవంతుడే శ్రోత స్వేచ్ఛకు విడిచిన నిర్ణయమును భర్త తన చేతిలోనికి తీసికొనుట యెట్లు? ఆ కృష్ణుడే పోతన భాగవతమున, నరకాసురునితో యుద్ధమునకు వెంట వత్తునన్న సత్యభామకు రణరంగపు భయంకరత్వము వర్ణించి చెప్పెను. తీరా యుద్ధభూమిలో ఆమె తానే పోరాడ లేచినపుడు, మానుమనియు, మానవేని మా విల్లు అందుకొనుమనియు పలికి విల్లు నిచ్చెను. కోరిక ఆమెది, ఆయన చేసినది హెచ్చరించుటయు, పిదప అడ్డు రాకుండుటయు. వద్దన్న భార్యకు ఆయుధమును తగిలించిన భర్త మన పురాణములలో నాకు తోచుట లేదు.

ఇంక ఇంటి సంగతి. బయటి దుర్మార్గుని తలచుకొని తెచ్చిన తుపాకి ఇంటిలోనివారితో కాపురముండును. 2021లో ఆ దేశమున తుపాకులవలన మరణించినవారు 48,830 మంది. వారిలో 26,328 మంది తమ్ము తాము కాల్చుకొన్నవారు. కాలిఫోర్నియాలో కోటిన్నరకు పైగా జనులను పండ్రెండేండ్ల పాటు పరిశీలించి 2022లో ప్రకటించిన ఒక అధ్యయనమున, తమకు స్వంతముగా పిస్తోలు లేకున్నను పిస్తోలు గలవారితో కలిసి యుండువారు హత్యకు గురియగుట, అట్టివారితో ఉండనివారికంటె రెండింతలకు మించియున్నట్లు తేలినది. జీవితభాగస్వామి చేత కాల్చబడి చచ్చుట ఏడింతలు. అట్లు చచ్చినవారిలో అత్యధికులు స్త్రీలు. ఈ లెక్కలు ఫలానా యింట ఏమి జరుగునో చెప్పవు; సాధువైన భర్తను అనుమానింపుమనియు చెప్పవు. కాని ప్రసవానంతరపు దిగులో, ఉద్యోగము పోయిన బాధయో, యౌవనమున అడుగిడిన కుమారుని మూగవేదనయో ఏ యింటికైనను రావచ్చును. ఆ రాత్రి చేతికందిన పిస్తోలు ఉన్న యిల్లును, లేని యిల్లును ఒకటి కావు. ఇల్లాలి "వద్దు" అను మాటలో, ఆమె చెప్పలేకున్నను, ఈ యెరుక ఉండవచ్చును.

అట్లయినచో భర్త నోరు మూసికొనవలెనా? నేనట్లు చెప్పను. ఆయుధధారణ మొక దీక్ష వంటిది. దీక్షను మరియొకరి పక్షమున ఎవరును పట్టలేరు, కాని దానిగూర్చి మాటలాడుట దాంపత్యములోని భాగమే. తన భయమును ఆతడు ఉన్నదున్నట్లు చెప్పవలెను. "నీ క్షేమముకొరకు" అని చెప్పుటకంటె "నాకు రాత్రులు నిదుర పట్టుట లేదు" అని చెప్పుట సత్యమునకు దగ్గర. ఆమె ధరింపదలచుకొనకున్నను, ఇంటిలో తుపాకి యున్నచో దానినుండి గుండ్లు తీయుట, తాళమువేయుట ఆమెకు తెలిసియుండుట మేలు. ఇది నేర్చుకొమ్మని అడుగుటలో బలాత్కారము లేదు. పని ముగియు వేళను మార్పించుకొనుట, కారు నిలుపు చోటికి కాపలావాని తోడు కోరుట, ఇరుగుపొరుగువారితో పరిచయము పెంచుకొనుట, ఇవన్నియు ఆమె అంతరాత్మను తాకక ఆతని భయమునకు ఉపశమన మిచ్చునవి. ఫలానా మనుష్యుడు వెంటాడుచున్నాడని, బెదరించుచున్నాడని తెలిసిన స్త్రీ సంగతి వేరు. ఆమె తానే ఆలోచించి ఆయుధము కోరినచో అడ్డుపడు హక్కు భర్తకు గాని నాకు గాని లేదు, నేర్పుగలవారియొద్ద చక్కగా నేర్చుకొనుటకు తోడ్పడుటయే కర్తవ్యము. కాని అలుకచేతను, ఎత్తిపొడుపుచేతను, పిల్లలను చూపి పదేపదే పాపభీతి పుట్టించుటచేతను లొంగదీసిన అంగీకారము అంగీకారము కాదు. అట్టి చేతిలోని పిస్తోలు అవసరమునకు తడబడును. తడబడిన ఆయుధము దుండగుని చేతికి పోవుట సులభము. మనస్సు ఒప్పుకొనని హింసకు మనస్సును సిద్ధపరచుట అంతకంటె పెద్ద నష్టము. పెండ్లిపీటలమీద మన వరుడు "నాతిచరామి" అని పలుకునపుడు, ధర్మమునందు నిన్ను అతిక్రమింపనని పలుకుచున్నాడు. ఆ ధర్మములో ఆమె ధర్మాధర్మవివేకము చేరియున్నదని నా నిశ్చయము.

ఈ విచారము ఒకవైపున మాత్రమే సాగుటయు సరికాదు. ధరింపుమని భార్యను అడుగుటకు భర్తకు చనువున్నచో, విడువుమని భర్తను అడుగుటకు భార్యకును అంత చనువున్నది. ఆమె ఒకనాడు, తాపసుని ఖడ్గమును తలచుకొనియో తలచుకొనకయో, "ఏమండీ, మీరు అది నడుముకు పెట్టుకొని తిరుగుట మొదలుపెట్టిన తరువాత మీ మాట మారినది" అని చెప్పవచ్చును. అప్పుడు హక్కుల చట్టమును, కోర్టు తీర్పులను ఆమెకు వినిపించుట ఉత్తరము కాదు. తాను ఎవరి రక్షణమునకు, ఏ ప్రతిజ్ఞచేత, ఎంతకాలము దానిని ధరించుచున్నాడో ఆతడు ఆమెకు చెప్పవలెను. చెప్పుటకు తగిన కారణము దొరకనిచో దానిని తాళపు పెట్టెలో నుంచి, ఆమెను రెండవసారి అడుగక ఊరకుండవలెను.